జన నాట్య మండలి: ప్రస్థానం, వారసత్వం
(గద్దర్ స్మారకోపన్యాస పాఠం)

రెండు రోడ్లు, ఒక బృందం

జన నాట్య మండలి 1972లో హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాల్లో పుట్టిన సాంస్కృతిక బృందం. గత యాభై ఏళ్లలో తెలుగునాట జనం నోట నిలిచిన ఉద్యమ పాటల్లో చాలా భాగం ఈ బృందం కట్టినవే. మిగిలినవాటిలోనూ ఎన్నో ఈ బృందాన్ని చూసి పాడటం నేర్చుకున్నవాళ్లు కట్టినవి. బృందానికి పునాది వేసింది చిత్రకారుడు, తర్వాతి కాలంలో సినీ దర్శకుడైన బి. నర్సింగరావు. దాని గొంతుగా నిలిచింది గుమ్మడి విఠల్‌రావు, అంటే గద్దర్. ఉత్తరాంధ్ర నుంచి దానికి కొత్త బాణీలు, కొత్త యాస తెచ్చింది వంగపండు ప్రసాదరావు.

సికింద్రాబాద్ నుంచి ఉత్తరానికి రెండు పెద్ద రోడ్లు పోతాయి. నాగపూర్ రోడ్డు మేడ్చల్ మీదుగా తూప్రాన్ చేరుతుంది. కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి అల్వాల్, హకీంపేట, శామీర్‌పేట దాటి ప్రజ్ఞాపూర్ మీదుగా సాగుతుంది. గద్దర్ పుట్టింది తూప్రాన్‌లో, ఒక పేద దళిత కుటుంబంలో. నర్సింగరావు పుట్టింది ప్రజ్ఞాపూర్‌లో, ఒక భూస్వామ్య కుటుంబంలో. ఇద్దరివీ పాత మెదక్ జిల్లా ఊళ్లే. నగరంలో కలవకపోయి ఉంటే వీళ్లిద్దరూ ఒకే అరుగు మీద కూర్చునే అవకాశం ఆనాటి పల్లె ఇచ్చేది కాదు. గద్దర్ జీవితంలో ఎక్కువ కాలం గడిచిన అల్వాల్ 2016 అక్టోబర్‌లో ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉంది. ఆయన సమాధీ అక్కడే ఉంది. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతానికి మండలి చరిత్ర పరాయి చరిత్ర కాదు.

ముందు నడిచినవాళ్లు

ఈ బృందం శూన్యంలోంచి పుట్టలేదు. 1943లో మొదలైన ప్రజా నాట్య మండలి బుర్రకథను, వీధి నాటకాన్ని రాజకీయ ప్రచారానికి వాడి చూపింది. షేక్ నాజర్ బుర్రకథ ఊరూరా జనాన్ని పోగు చేసింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకం వందల ప్రదర్శనలు చూసింది. తెలంగాణ సాయుధ పోరాటంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల వంటి కళారూపాల్లో కొత్త విషయం నింపాడు. బండి యాదగిరి వంటివాళ్లు పోరాటంలోనే పాట కట్టారు. శ్రీకాకుళంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను అక్కడి గిరిజన రైతుల ఉద్యమానికి ఇచ్చి, 1969 డిసెంబర్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. 1970 జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది.

1969 నాటికి రెండు ఉద్యమాల గాలి నగరాన్ని తాకింది. ఒకటి శ్రీకాకుళం నుంచి వచ్చింది. రెండోది విద్యార్థులు నడిపిన ప్రత్యేక తెలంగాణ ఉద్యమం. చదువుకుంటున్న విఠల్‌రావు ఆ రెండో దాంట్లో పాల్గొన్నాడు. అప్పటికే ఆయనకు బుర్రకథ చెప్పడం వచ్చు. గొంతు ఉంది, ఆట ఉంది, జనం ముందు నిలబడే అలవాటు ఉంది. లేనిదల్లా చెప్పాల్సిన విషయం మీద స్పష్టత.

ఆర్ట్ లవర్స్ నుంచి మండలి దాకా

ఆ స్పష్టత ఆర్ట్ లవర్స్ అనే చిన్న బృందంలో దొరికింది. నర్సింగరావు, ఆయన మిత్రులు దాన్ని నడిపేవారు. కళ గురించి, లోకం గురించి చర్చించుకుని, ప్రదర్శనలు ఇచ్చేవారు. అక్కడ నర్సింగరావు విఠల్‌రావును ఒక ప్రశ్న దగ్గర నిలబెట్టాడు: పాట ఎవరి కోసం? దానికి జవాబుగా 1971లో ‘ఆపర రిక్షా’ పాట వచ్చింది. ఆ పాట మాట్లాడేది రిక్షా తొక్కేవాడితో. పల్లె నుంచి నగరానికి వచ్చి, రోజంతా చెమటోడ్చినా కడుపు నిండని మనిషితో. విషయం కొత్తది కాదు. జాలిపడుతూ దూరం నుంచి చూసే కవిత్వం ఎంతో ఉంది. ఈ పాట ఆ మనిషి పక్కన నిలబడి, అతని భాషలో అతన్ని పలకరించింది.

1972లో ఆర్ట్ లవర్స్ జన నాట్య మండలిగా మారింది. విఠల్‌రావు తొలి పాటల పుస్తకానికి ‘గద్దర్’ అని పేరు పెట్టారు. 1913లో అమెరికాలో పంజాబీ వలసదారులు స్థాపించిన గదర్ పార్టీని స్మరిస్తూ పెట్టిన పేరు అది. పుస్తకం పేరే మనిషి పేరైంది. 1975 ప్రాంతంలో ఆయన కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరాడు. పగలు బ్యాంకు, మిగిలిన వేళల్లో పాట. 1984లో ఉద్యోగానికి రాజీనామా చేసి పూర్తిగా మండలి పనిలో దిగాడు.

విశాఖ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేసిన వంగపండు ప్రసాదరావు మండలి తొలినాళ్ల నుంచీ దాని ముఖ్య నిర్మాతల్లో ఒకడు. పార్వతీపురం ప్రాంతపు పలుకుబడి, అక్కడి జానపద దరువు ఆయన పాటకు ప్రాణం. ఆయన ‘భూమి భాగోతం’ వీధి భాగవత రూపంలో భూమి సమస్యను ఆడి చూపింది. మెదక్ యాసలో గద్దర్, కళింగాంధ్ర యాసలో వంగపండు ఒకే వేదిక మీద పాడటంతో, మండలి ఒక ప్రాంతానికి పరిమితం కాని తెలుగు బృందమైంది.

ఆట, పాట, మాట

మండలి ప్రదర్శన ఎలా నడిచేదో తెలిస్తేనే దాని బలం అర్థమవుతుంది. వేదికకు తెర ఉండదు, రంగుల దీపాలు ఉండవు. గోచి కట్టి, భుజాన గొంగడి వేసి, కాళ్లకు గజ్జెలు కట్టిన గాయకుడు ముందు. చేతిలో కర్ర లేదా ఎర్ర గుడ్డ. వెనక డప్పు, డోలక్, వంత పాడే నలుగురైదుగురు. ఈ వేషం ఆషామాషీగా ఎంచుకున్నది కాదు. గొంగడి గొర్లకాపరిది, గోచి కూలివాడిది, డప్పు ఊరి చివరి వాడది. ఊళ్లో చిన్నచూపుకు గురైన వస్తువులన్నీ వేదిక నడిమధ్యకు వచ్చాయి.

బాణీలు ఎక్కువగా జనం దగ్గర ఉన్నవే. నాట్ల పాట, ఉయ్యాల పాట, బతుకమ్మ పాట, ఒగ్గుకథ దరువు, యక్షగానం నడక, ఏడుపు పాటల రాగం. వినేవాడికి బాణీ ముందే తెలుసు కాబట్టి రెండో చరణానికల్లా గొంతు కలుపుతాడు. మాట మాత్రం కొత్తది. భూమి, కూలి, అప్పు, దొర గడి, పోలీసు ఠాణా, ధరలు, స్త్రీల బాధలు, కులం. తల్లి బిడ్డను నిద్రపుచ్చే రాగంలో చనిపోయిన కొడుకును తలుచుకునే పాట వస్తే, ఆ రాగం మోసుకొచ్చే పాత జ్ఞాపకం కొత్త దుఃఖాన్ని రెట్టింపు చేస్తుంది. అమరుల పాటలు జనాన్ని ఏడిపించడానికి కారణం ఇదే.

గద్దర్ ప్రదర్శనలో మూడో అంశం మాట. ఒక చరణం పాడి ఆపుతాడు. ఎదుట కూర్చున్న ముసలమ్మను పలకరిస్తాడు. ఆ ఊరి చెరువు పేరో, ఆనాటి ఉల్లిగడ్డ ధరో ఎత్తుతాడు. ఒక ప్రశ్న వేస్తాడు. జనం జవాబిస్తారు. ఆ జవాబు మీదనే డప్పు మళ్లీ లేస్తుంది, పాట అందుకుంటుంది. బుర్రకథలో కథకుడికీ వంతలకూ మధ్య నడిచే సంభాషణను ఆయన గాయకుడికీ జనానికీ మధ్యకు తెచ్చాడు. ఇక్కడ వంత పాడేది సభ మొత్తం. అందుకే ఒకే పాట రెండు ఊళ్లలో ఒకేలా ఉండదు. అచ్చులో ఉన్న పాఠం పాటకు ఎముకల గూడు మాత్రమే, రక్తమాంసాలు ఆ సభలోనే చేరతాయి.

మండలి సాధించిన అసలు కళావిజయం ఇదే. పాటను వినేవాడి చేతికి ఇచ్చి, నువ్వు కూడా కట్టగలవని నమ్మించింది. చదువు రాని కూలీలు, విద్యార్థులు, పాలేర్లు, బీడీ కార్మికులు పాట కట్టడం మొదలుపెట్టారు. గూడ అంజయ్య రాసిన ‘ఊరు మనదిరా’ వంటి పాటలు ఎవరు రాశారో తెలియకుండానే రాష్ట్రమంతా తిరిగాయి, ఇతర భాషల్లోకీ పోయాయి. పాటల పుస్తకాలు చిన్నవి, చవకవి. 1980ల తర్వాత క్యాసెట్లు తోడయ్యాయి. టీ హోటల్లో, ట్రాక్టరు మీద, హాస్టల్ గదిలో టేప్ రికార్డర్ ఆ పాటను మోసింది.

వెండితెర మీద

1980 మార్చిలో విడుదలైన ‘మా భూమి’ సినిమా మండలి పాటను సభలకు రాని జనం దగ్గరకు కూడా చేర్చింది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా తీసిన ఈ చిత్రానికి గౌతమ్ ఘోష్ దర్శకుడు. నర్సింగరావు నిర్మాతల్లో ఒకడు. సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి కట్టి’ పాటను గద్దర్ తెర మీద గొంగడి వేసుకుని పాడాడు. ముప్పై ఏళ్ల కిందటి పాట ఒక్కసారిగా కొత్త తరం పాటైంది. పాత ఉద్యమానికీ కొత్త ఉద్యమానికీ మధ్య తెగిన తీగను ఆ దృశ్యం మళ్లీ ముడివేసింది. 1983లో నర్సింగరావు తీసిన ‘రంగుల కల’లోనూ గద్దర్ గొంతు వినిపిస్తుంది.

పల్లెల బాట, అజ్ఞాతం

ఎమర్జెన్సీ ముగిశాక, 1977 నుంచి 1985 దాకా మండలికి విస్తరణ కాలం. 1978లో రాడికల్ విద్యార్థులు గ్రామాలకు తరలే కార్యక్రమం చేపట్టారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో ఆదివాసుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. ఈ ఘటనలన్నిటికీ పాటలు పుట్టాయి. పత్రికలు చేరని ఊళ్లలో పాటే వార్తాపత్రిక. 1980 ఏప్రిల్‌లో నక్సలైట్ల పీపుల్స్ వార్ పార్టీ ఏర్పడ్డాక మండలి దాని సాంస్కృతిక రంగంగా గుర్తింపు పొందింది. ఆ గుర్తింపుతో పాటే నిర్బంధమూ వచ్చింది.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. మండలి ఆ బాధితుల పక్షాన పాటలు కట్టి తిరిగింది. ఆ ఏడాదే గద్దర్ అజ్ఞాతంలోకి వెళ్లాడు. దండకారణ్యంలోనూ, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఒడిశా, బీహార్ ప్రాంతాల్లోనూ తిరిగి అక్కడి ఆదివాసీ, జానపద బాణీలు నేర్చుకున్నాడు. తెలుగు దరువు ఆ నేలల్లో అడుగుపెట్టింది, ఆ నేలల ఆట తెలుగు పాటలోకి వచ్చింది.

1990 తర్వాత

మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం నిర్బంధం సడలించాక, 1990 ఫిబ్రవరి 18న గద్దర్ హైదరాబాద్‌లో బయటకు వచ్చాడు. రెండు రోజుల తర్వాత నిజాం కాలేజీ మైదానంలో మండలి పద్దెనిమిదో వార్షికోత్సవం జరిగింది. సుమారు రెండు లక్షల మంది వచ్చారని అంచనా. సినీతార లేడు, ఎన్నికల సభ కాదు, పంచే కానుకలు లేవు. పాట కోసం అంతమంది కూడటం తెలుగు ప్రదర్శన కళల చరిత్రలో పెద్ద ఘటన.

ఆ వెసులుబాటు ఎక్కువ కాలం లేదు. 1992 మేలో ప్రభుత్వం పీపుల్స్ వార్‌ను, దాని అనుబంధ సంఘాలను నిషేధించింది. 1997 ఏప్రిల్ 6న అల్వాల్ వెంకటాపురంలోని ఇంట్లో గద్దర్ మీద కాల్పులు జరిగాయి. వెన్నులో దిగిన ఒక తూటాను తీయడం ప్రమాదమని వైద్యులు వదిలేశారు. దానితోనే ఆయన మరో ఇరవై ఆరేళ్లు ఆడి పాడాడు. 2002లోనూ 2004లోనూ ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య చర్చల ప్రయత్నాల్లో పాలుపంచుకున్నాడు. క్రమంగా సాయుధ రాజకీయాలకు దూరమయ్యాడు. అంబేడ్కర్, బుద్ధుడు, రాజ్యాంగం ఆయన మాటల్లో ముందుకు వచ్చాయి. 2018లో తొలిసారి ఓటు వేశాడు. వంగపండు 2020 ఆగస్టు 4న, గద్దర్ 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. పేద పిల్లల కోసం అల్వాల్‌లో తాను స్థాపించిన మహాబోధి విద్యాలయ ఆవరణలోనే, ప్రభుత్వ లాంఛనాలతో గద్దర్ అంత్యక్రియలు జరిగాయి.

లీడ్స్ నగరంలో అదే కాలం

మండలి పుట్టిన దశాబ్దంలోనే బ్రిటన్‌లోనూ యువత పాటతో రాజకీయం మాట్లాడింది. పంక్ సంగీతం వెలువడిన వెంటనే దాని తర్వాతి తరంగా పోస్ట్-పంక్ బృందాలు పుట్టాయి. వాటిలో మండలికి దగ్గరగా కనిపించేది గ్యాంగ్ ఆఫ్ ఫోర్. 1976లో లీడ్స్ నగరంలో ఏర్పడిన ఈ బృందంలో జాన్ కింగ్, ఆండీ గిల్, డేవ్ అలెన్, హ్యూగో బర్నమ్ సభ్యులు. నర్సింగరావు లాగే కింగ్, గిల్ కూడా లలితకళలు చదివినవాళ్లే. వాళ్ల పేరు చైనా రాజకీయాల నుంచి, గద్దర్ పేరు గదర్ పార్టీ నుంచి వచ్చాయి. 1979లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్ ‘ఎంటర్‌టైన్‌మెంట్!’ సరుకుల సంస్కృతి మనిషి ప్రేమను, తీరికను కూడా ఎలా అమ్మకపు వస్తువు చేస్తుందో పాడింది. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధ సమయంలో సైనిక యూనిఫాం మీద వాళ్లు చేసిన పాటను బీబీసీ ప్రసారం చేయడం మానేసింది.

పోలిక ఇక్కడితో ఆగుతుంది, తేడా ఇక్కడ మొదలవుతుంది. లీడ్స్ బృందం నల్లజాతి నృత్యసంగీతపు లయను, పదునైన గిటారును కలిపి కొత్త శబ్దం చేసింది. దాని పాట రికార్డు కంపెనీ డిస్కులో భద్రంగా ఉంది. తర్వాతి తరాల సంగీతకారులు ఆ డిస్కు విని నేర్చుకున్నారు. మండలి పాట జనం జ్ఞాపకంలో, పలచని కాగితం పుస్తకాల్లో, సాగిపోయిన క్యాసెట్ టేపుల్లో ఉంది. అక్కడ వాళ్ల పాటకు ఎదురైంది ప్రసార నిరాకరణ. ఇక్కడ ఎదురైంది జైలు, అజ్ఞాతం, తూటా. కళకు చెల్లించిన మూల్యంలో ఇంత తేడా ఉన్నప్పుడు, భద్రపరిచే బాధ్యత కూడా ఇక్కడే ఎక్కువగా ఉండాలి.

విమర్శలు

మండలిని గౌరవించడమంటే దాని మీద వచ్చిన విమర్శలను దాచడం కాదు. సాయుధ పోరాటాన్ని కీర్తించిన పాటలు ఎందరో యువకులను తిరిగిరాని దారిలోకి నడిపాయన్న ఆవేదన చాలా ఇళ్లలో ఉంది. కొడుకును, బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల దుఃఖాన్ని ఏ పాటా తీర్చలేదు. పార్టీ అవసరం ముందుకు వచ్చినప్పుడు కళ నినాదంగా కుదించుకుపోయిందని సాహిత్య విమర్శకులు అన్నారు. వర్గం గురించి పాడినంత గట్టిగా కులం గురించి మొదట్లో పాడలేదని దళిత ఉద్యమం అడిగింది. స్త్రీలు పాటల్లో తల్లులుగా, అమరుల భార్యలుగా కనిపించినంతగా పాట కట్టేవాళ్లుగా కనిపించలేదన్న ప్రశ్నా న్యాయమైనదే. కారంచేడు తర్వాతి పాటల్లోనూ, గద్దర్ చివరి దశాబ్దాల మాటల్లోనూ ఈ విమర్శల ప్రభావం స్పష్టంగా ఉంది. తన పాటను మార్చుకోవడానికి ఆయన వెనకాడలేదు.

వారసత్వం

మండలి వారసత్వం మూడు దారుల్లో కనిపిస్తుంది. మొదటిది తెలంగాణ ఉద్యమం. 1990ల రెండో భాగం నుంచి గద్దర్ ‘అమ్మా తెలంగాణమా’ వంటి పాటలతో ప్రత్యేక రాష్ట్ర ఆకాంక్షను పాడాడు. 1999లో హత్యకు గురైన భువనగిరి గాయని బెల్లి లలిత ఆ పాటల బాటలో పెద్ద త్యాగం. 2002లో మొదలైన ధూంధాం ప్రదర్శనలు డప్పు, గజ్జె, గొంగడి, పాట మధ్య మాట అన్న పద్ధతినే తీసుకున్నాయి. రసమయి బాలకిషన్, గోరటి వెంకన్న, అందెశ్రీ వంటివాళ్లు ఎవరి దారిలో వాళ్లు నడిచినా, పాటకు లక్షల మందిని కూర్చోబెట్టగల శక్తి ఉందని ముందే నిరూపించిన నేల మీద నిలబడ్డారు. 2014లో రాష్ట్రం వచ్చేనాటికి పాట లేని ఉద్యమ సభ లేదు.

రెండోది సినిమా. ఆర్. నారాయణమూర్తి చిత్రాల్లో వంగపండు, గద్దర్ పాటలు పల్లెల్లో మారుమోగాయి. 1995లో వచ్చిన ‘ఒరేయ్ రిక్షా’ చిత్రంలోని పాటకు నంది పురస్కారం ప్రకటిస్తే గద్దర్ తిరస్కరించాడు. 2011లో ‘జై బోలో తెలంగాణ’ కోసం ఆయన రాసి పాడిన పాట ఊరూరా వినిపించింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం సినీ పురస్కారాలకు గద్దర్ పేరు పెట్టింది. 2025 జూన్‌లో తొలిసారి ఆ పురస్కారాలు అందజేశారు. ప్రభుత్వ పురస్కారాన్ని వద్దన్న మనిషి పేరే ప్రభుత్వ పురస్కారం కావడం ఆయన పాట చేసిన ప్రయాణం ఎంత పొడవైందో చెబుతుంది.

మూడోది, అన్నిటికంటే లోతైనది, భాష. పాఠశాల తక్కువగా చూసిన మెదక్, కరీంనగర్, పార్వతీపురం యాసలు మండలి పాటతో సభా గౌరవం పొందాయి. ఇవాళ తెలంగాణ మాటలో కథ రాసినా, సినిమా తీసినా ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ ధైర్యానికి దారి వేసినవాళ్లలో మండలి ముందుంది.

మిగిలిన పని

మొదట చెప్పుకున్న రెండు రోడ్ల మీద, ద్రాక్ష తోటలకు పేరుపడ్డ మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం ఇప్పుడు ఫ్యాక్టరీలు, ఔషధ పరిశోధన సంస్థలు, కాలేజీలు, గేటెడ్ కాలనీలతో నిండింది. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కూలీలు పనిచేస్తున్నారు. ‘ఆపర రిక్షా’ పాట పలకరించిన వలస మనిషి ఇంకా ఇక్కడే ఉన్నాడు, భాష మాత్రమే మారింది. అతని బతుకును పాడే కొత్త పాటలకు మండలి పద్ధతి ఇవాళా పనికొస్తుంది.

దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మండలి తొలితరం గాయకులు వృద్ధులయ్యారు. పాటల పుస్తకాలు చెదలు పడుతున్నాయి, క్యాసెట్లు అరిగిపోతున్నాయి. పాటకు పాఠాంతరాలు, ఏ పాట ఏ ఊళ్లో ఎప్పుడు పుట్టింది, ఎవరు బాణీ కట్టారు అన్న వివరాలు మనుషులతోనే పోతున్నాయి. తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద పీఠం ఉంది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయం ఉంది. శామీర్‌పేట, మేడ్చల్ కాలేజీల్లో వేల మంది విద్యార్థులు ఉన్నారు. ఈ మూడూ చేతులు కలిపితే పాటలను రికార్డు చేయడం, పాతవాళ్లతో మాట్లాడి రాసుకోవడం, క్యాసెట్లను డిజిటల్ రూపంలోకి మార్చడం అసాధ్యమేమీ కాదు. ఇంట్లో మండలి పాటల పుస్తకమో క్యాసెట్టో ఉన్న ప్రతి ఒక్కరూ దాన్ని దగ్గరలోని గ్రంథాలయానికి ఇవ్వండి. పాట వచ్చినవాళ్లు పిల్లల చేత పాడించండి. గద్దర్‌కు, వంగపండుకు, పేరు తెలియని వందలాది వంతగాళ్లకు తెలుగు సమాజం ఇవ్వగలిగిన నిజమైన నివాళి అదే.